‘బాగుంది’ తర్వాతి మాట: ప్రేక్షకుల అభిప్రాయం, విమర్శ

గత పాఠాల్లో మీరు కావ్యవిమర్శ గురించి చదివారు. కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’లో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని ఎలా పరీక్షించారో చూశారు. ఈ పాఠంలో కావ్యాన్ని పక్కన పెట్టి మన నోటి మాటలను పరీక్షిద్దాం. అన్నం తింటూ టీవీ ముందు, ఆట వదిలాక సైకిల్ స్టాండు దగ్గర, బస్సులో పక్క సీటు వారితో మనం అనే మాటలివి. “సినిమా బాగుంది.” “హీరోయిన్ దండగ.” “ఆయన నటనకు ఎవరూ చాలరు.” “ఆ సీరియల్ ఇంకా అయిపోలేదా?” వీటిని విమర్శ అనవచ్చా?

సంపర్క తరగతుల్లో ఈ ప్రశ్న అడిగితే, ఎక్కువమంది అనకూడదనే చెబుతారు. “అవి మా అభిప్రాయాలండీ. విమర్శంటే పెద్దవాళ్లు రాసేది” అంటారు. ఈ జవాబుతో నాకు పేచీ ఉంది. అలా అన్న విద్యార్థి పరీక్షలో తన కళ్లతో చూసిన సినిమా గురించి కూడా ఎవరో రాసిన నాలుగు వాక్యాలు బట్టీపట్టి రాస్తాడు. తాను గమనించినది మాత్రం సైకిల్ స్టాండు దగ్గరే వదిలేసి వస్తాడు. వదిలేసిన ఆ మాటలోనే చాలాసార్లు అసలు విమర్శ మొలక ఉంటుంది.

ఉదాహరణలు ఎక్కువగా నెల్లూరు తీరం నుంచే తీసుకుంటాను. కావలి నుంచి పులికాట్ సరస్సు దాకా ఉన్న ఈ పట్టీలో మన విషయానికి కావలసిన సరుకు చాలావరకు దొరుకుతుంది: ఇక్కడ పుట్టిన నటులు, సినిమాలను సమీక్షించిన పాత వారపత్రిక, దూరాల నుంచి జనం వచ్చి చూసే పెద్ద తెర, సముద్రాన్ని తెర మీద చూసి పెదవి విరిచే ప్రేక్షకులు.

తెర పెద్దది, మరి సినిమా?

ముందు పెద్ద తెర సంగతి చూద్దాం. 2019 ఆగస్టులో సూళ్లూరుపేట దగ్గర పిండిపాళెంలో ‘సాహో’ చిత్రంతో వి ఎపిక్ థియేటర్ మొదలైంది. ఆ ప్రాంతం అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉంది, 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. సుమారు వంద అడుగుల వెడల్పున్న తెర, ఆరువందల యాభైకి పైగా సీట్లు. జాతీయ రహదారికి దగ్గర కాబట్టి చెన్నై నుంచి కూడా జనం వస్తారు. అక్కడ సినిమా చూసి బయటికి వచ్చినవారు “అదిరిపోయింది” అంటారు. ఏది అదిరింది? సినిమానా, తెరా, స్పీకర్లా, స్నేహితులతో చేసిన ప్రయాణమా? అభిప్రాయంలో ఇవన్నీ కలిసిపోయి ఉంటాయి. కలిసిపోవడం తప్పేమీ కాదు. సినిమా చూడటం అంటే వీటన్నిటినీ అనుభవించడమే. అయితే అదే సినిమాను ఆరు నెలల తర్వాత ఇంట్లో ఫోన్‌లో చూసినప్పుడు ఆ మాటలో ఎంత మిగిలింది? ఆ మిగిలినదే సినిమా గురించి మీ అభిప్రాయం. పోయినది థియేటర్ గురించి మీ అభిప్రాయం. ఈ చిన్న తీసివేత మీరు ఎప్పుడైనా చేసుకోవచ్చు.

“బక్కగా ఉంటాడు, అందుకే నవ్వొస్తుంది”

ఒకే ఒక అభిప్రాయాన్ని తీసుకొని దాన్ని చివరిదాకా పట్టుకుపోదాం. పాత సినిమాలు టీవీలో వేసినప్పుడు రమణారెడ్డి కనబడగానే ఇంట్లో ఎవరో ఒకరు అనే మాట ఇది: “బక్కగా, పొడుగ్గా ఉంటాడు, ఆ నెల్లూరు యాస ఒకటి. అందుకే నవ్వొస్తుంది.” రమణారెడ్డి నెల్లూరు దగ్గర జగదేవిపేటలో 1921లో పుట్టారు. సినిమాల్లోకి రాకముందు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. ఇంద్రజాల ప్రదర్శనలు కూడా ఇచ్చేవారు. 1974లో కన్నుమూశారు.

పై వాక్యంలో ‘అందుకే’ అనే మాట ఉంది చూడండి. అభిప్రాయం చెప్పిన మనిషి తనకు తెలియకుండానే కారణం కూడా చెప్పారు. కారణం చెప్పారంటే దాన్ని పరీక్షించవచ్చు. “నాకు నచ్చాడు” అన్నప్పుడు మనం చేయగలిగింది లేదు, “బక్కగా ఉంటాడు కాబట్టి” అన్నప్పుడు చేయవలసిన పని మొదలవుతుంది.

నాలుగు సినిమాలు చూద్దాం. ‘మిస్సమ్మ’ (1955)లో ఆయన డేవిడ్. మేరీ కుటుంబానికి అప్పిచ్చి, ఆ అప్పును అడ్డం పెట్టుకొని ఆమెను పెళ్లాడాలని చూసే మనిషి. అదే సంవత్సరం వచ్చిన ‘రోజులు మారాయి’లో ఊరి కరణం. పొలం ఎవరి పేర ఉండాలో కలంతో తేల్చేవాడు. ‘మాయాబజార్’ (1957)లో చిన్నమయ్య, ఘటోత్కచుడికి మాయా వస్తువులు చూపించే గురువు. ‘గుండమ్మ కథ’ (1962)లో గంటయ్య. గుండమ్మ దగ్గర మాటలు చేరవేస్తూ, సరోజను తన మనిషి భూపతికి కట్టబెట్టాలని ఎత్తులు వేస్తాడు. ఆ భూపతి వేషం వేసినది కావలిలో పుట్టిన రాజనాల. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు కలిసి నటించిన సినిమాగా అందరం గుర్తుపెట్టుకున్న ఈ చిత్రంలో చిక్కుముళ్లు వేసే పని ఇద్దరు నెల్లూరు జిల్లావాళ్లకు పడిందన్నమాట. ఇది పరీక్షలో రాయవలసిన విషయం కాదు, నాకు సరదాగా తోచి చెప్పాను.

ఈ నాలుగింటిలోనూ ఆ శరీరం ఒకటే. శరీరమే నవ్వించేదైతే నాలుగుచోట్లా ఒకే నవ్వు రావాలి. వస్తుందా? చిన్నమయ్యను చూసినప్పుడు వచ్చే నవ్వులో భయం లేదు, పిల్లలు గారడీవాణ్ణి చూసి నవ్వే నవ్వు అది. కరణాన్ని చూసినప్పుడు నవ్వుతూనే ఒళ్లు దగ్గర పెట్టుకుంటాం. ఆ మనిషి చేతిలో ఒక కుటుంబం పొలం ఉందని మనకు తెలుసు. డేవిడ్ అప్పు తీర్చమని అడిగిన ప్రతిసారీ మేరీ ఇబ్బంది మనకు గుర్తొస్తుంది. కాబట్టి శరీరం ఒక్కటే కారణం కాదు. మరి ఏది? గంటయ్య మాట్లాడే సన్నివేశాలను ఈసారి శబ్దం తీసేసి ఒకసారి, బొమ్మ చూడకుండా శబ్దంతో మరోసారి గమనించండి. మెడ ముందుకు వచ్చే తీరు, ఎదుటివారి ముఖం చదివి మాట మార్చే తీరు, ఏదో మేలు చేస్తున్నట్టు మెత్తబడే గొంతు. నాకైతే ఆయన హాస్యం బక్కదనం కంటే ఎక్కువగా ఈ వినడంలో ఉందనిపిస్తుంది. ఎదుటివారు చెప్పేదాంట్లో తనకు లాభం ఎక్కడుందా అని వెదుకుతూ వినే మనిషి ఆయన. అలాంటి మనిషి ప్రతి ఊరి రచ్చబండ దగ్గరా ఉంటాడు కాబట్టే మనం నవ్వుతాం, నవ్వుతూనే కొంచెం జాగ్రత్తపడతాం.

నేను కూడా చాలాకాలం బక్కదనం దగ్గరే ఆగిపోయాను. దాన్ని తప్పనడం లేదు, అది మొదటి మెట్టు. ఒళ్లు పాత్రకు ఏమి సాయం చేసిందని అడిగితే మొదటి అభిప్రాయం కూడా పనికొస్తుంది. ‘రోజులు మారాయి’ కరణం లావుగా, నిండుగా ఉండి ఉంటే జమీందారులా కనిపించేవాడేమో. బక్కగా ఉండటం వల్ల, ఒకరి అన్నం మీద బతుకుతూ ఇంకొకరి అన్నం లాగేసేవాడిలా కనిపిస్తాడు. “బక్కగా ఉంటాడు” అనే మాట ఇప్పుడు విమర్శలోకి వచ్చి చేరింది.

జమీన్ రైతు

పట్నాల్లో కూర్చున్నవారే విమర్శ రాస్తారనే నమ్మకానికి నెల్లూరులోనే జవాబుంది. వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటంతో ముడిపడి పుట్టిన ‘జమీన్ రైతు’ వారపత్రిక నెల్లూరు నుంచి వెలువడింది. రైతుల శిస్తుల గురించి, భూముల గురించి రాసిన ఆ పత్రిక 1950 దశకంలో కొత్త తెలుగు సినిమాలను కూడా సమీక్షించింది. ఆనాటి చిత్రాలను జనం ఎలా అందుకున్నారో తెలుసుకోవడానికి ఈనాడు సినిమా చరిత్ర రాసేవారు ఆ సమీక్షలను ఆధారంగా చూపుతున్నారు. ఒక జిల్లా వారపత్రికలో శిస్తు వార్తలు వచ్చిన కాగితం మీదే సినిమా మంచిచెడ్డలు కూడా అచ్చయ్యాయన్న విషయం మీద కాసేపు ఆగండి. కరణం వేషాన్ని చూసే పాఠకులకు, నిజమైన కరణాల లెక్కలతో తగాదా పడినవారికి, మధ్య దూరం ఎంత ఉండి ఉంటుంది?

అభిప్రాయం అచ్చులోకి వెళ్లినప్పుడు ఒక మార్పు వస్తుంది. నోటి మాటను రేపు మార్చుకోవచ్చు, “నేనట్టా అన్లేదే” అనవచ్చు. అచ్చయిన మాటకు పూచీ పడాలి. మీ అసైన్‌మెంటు రాసేటప్పుడు కలిగే ఇబ్బంది ఇదే. అయినా నోటి మాటలోని చురుకును రాతలో పోగొట్టుకోకండి.

యాస, సముద్రం: ఎవరి మాట చెల్లుతుంది?

నాటకంలో పాత్రకు తగిన భాష ఉండాలని పట్టుబట్టినవారిలో వేదం వేంకటరాయశాస్త్రి ముఖ్యులు. ఆయనకు నెల్లూరుతో గాఢమైన అనుబంధం ఉంది. 1897 నాటి ‘ప్రతాపరుద్రీయం’లో రాజులు, మంత్రులు ఒక భాష మాట్లాడితే చాకలి పేరిగాడు తన ఇంటి భాష మాట్లాడతాడు. ఆ రోజుల్లో అది సాహసం. ఈనాడు మనం ఇంకో ప్రశ్న కూడా వేయాలి. యాస ఎప్పుడూ ఏ పాత్రకు దక్కుతోంది? తెలుగు సినిమాలో చాలాకాలం హీరో పుస్తకాల తెలుగు మాట్లాడాడు. ‘యాడికి పోతుండావ’, ‘ఏందబ్బా’, ‘వస్తా ఉండా’ అనే నెల్లూరు మాట తెర మీద వినిపిస్తే ఎక్కువగా నవ్వించడానికే వినిపించింది. మీ ఇంట్లో అమ్మ మాట్లాడే మాట తెర మీద ఎవరైనా అనగానే హాలంతా నవ్వితే, మీరూ నవ్వి ఉంటారు. తర్వాత ఎక్కడో కొంచెం గుచ్చుకొని ఉంటుంది. ఆ గుచ్చుకున్నదాన్ని రాయండి. అది ఫిర్యాదుగా మిగలకుండా ఉండాలంటే, ఏ సన్నివేశంలో, ఏ పాత్ర నోట, ఎవరు నవ్వడానికి ఆ మాట పెట్టారో చెప్పాలి. అక్కడ నవ్వు మాటలోని చమత్కారం మీద వచ్చిందా, ఆ మాట మాట్లాడే మనుషుల మీద వచ్చిందా అని వేరు చేయాలి. రమణారెడ్డి విషయంలో నా తీర్పు మొదటి పక్షానికి మొగ్గుతుంది. ఆయన యాసను పాత్ర తెలివికి ఆయుధంగా వాడారు. మీకు మరోలా తోస్తే సన్నివేశం చూపించి నన్ను కాదనండి.

సముద్రం సినిమాల దగ్గరికి వస్తే తీరంలోని ప్రేక్షకులకు ఒక అధికారం ఉంది. ‘ఉప్పెన’ (2021) గోదావరి జిల్లాల తీరంలో నడిచే కథ, ‘తండేల్’ (2025) శ్రీకాకుళం మత్స్యకారుల కథ. రెండిట్లో ఏదీ నెల్లూరుది కాదు. ‘తండేల్’లో శ్రీకాకుళం యాస సరిగ్గా పలికిందో లేదో తీర్పు చెప్పడానికి నెల్లూరువాళ్లకు శ్రీకాకుళంవాళ్లంత హక్కు లేదు. కానీ వల లాగే చేతుల గురించి చెప్పవచ్చు. జువ్వలదిన్నెలోనో, కృష్ణపట్నం పక్క పాళెంలోనో వేటకు పోయే కుటుంబంలోని మనిషి ఒక సముద్రం సినిమా చూసి ఇలా అన్నాడనుకుందాం: “రెండ్రోజులు నీళ్ల మీద ఉన్నోడి పెదాలు పగలవా? చొక్కా మీద ఉప్పు తెల్లగా తేలదా?” సినిమా పరిభాషలో దీన్ని మేకప్, దుస్తుల విభాగాల మీద విమర్శ అంటారు. అన్నవాడికి ఆ పరిభాష తెలియకపోయినా విషయం తెలుసు. మైపాడు ఒడ్డున సెలవుకు వచ్చి అలలు చూసి వెళ్లే మనకు అది కనబడదు.

నెల్లూరు దక్షిణ తీరంలో పట్టపు వారి ఇళ్లలో తమిళం కలిసిన మాట వినిపిస్తుంది. ‘మత్స్యకారుడు’ అనే ఒకే పాత్రలో తీరమంతటినీ ఇమిడ్చే సినిమాలో వారి మాట ఎక్కడుంది? ఈ ప్రశ్న వేయగలిగేది ఆ పాళెంలో పుట్టిన విద్యార్థే. వేట నిషేధం అమల్లో ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలు ఒడ్డునే ఉంటాయి. ఇంట్లో కూర్చొని టీవీలో సముద్రం సినిమా చూడటానికి, చూసి తగువు పడటానికి అంతకంటే మంచి సమయం ఉండదు.

వంటలక్క రంగు

సీరియళ్ల గురించి మాట్లాడేటప్పుడు ‘ఆడవాళ్ల కాలక్షేపం’ అని కొట్టిపారేసే అలవాటు ఒకటుంది. అలా అనేవారు సాధారణంగా సోఫాలో పక్కనే కూర్చొని చూస్తూనే ఉంటారు. 2017 నుంచి 2023 వరకు స్టార్ మాలో వచ్చిన ‘కార్తీకదీపం’ తెలుగు ఇళ్లలో ఎంతగా పాకిందంటే, ప్రేమీ విశ్వనాథ్ అనే నటి పేరు కంటే ‘వంటలక్క’ అనే పిలుపే ఎక్కువమందికి తెలుసు. మలయాళంలో వచ్చిన ‘కరుత్తముత్తు’కు ఇది తెలుగు రూపం. ఆ మొదటి సీరియల్లో కూడా ఆమే ముఖ్యపాత్ర ధరించారు. నల్లగా ఉందని చులకనకు గురయ్యే స్త్రీ కథ ఇది.

దీని మీద నేను విన్న మాటల్లో రెండు పక్కపక్కన పెట్టదగినవి. ఒకటి: “పాపం దీప, ఎంత కష్టపడిందో.” రెండోది: “ఆమె నిజంగా నలుపు కాదంట, తెల్లగానే ఉంటుందంట.” రెండో మాట సంతోషంగానే అంటారు. ఇక్కడ ఆగాలి. నలుపును చులకన చేయకూడదని చెప్పే కథను మనం ఐదేళ్లకు పైగా చూసి, నటి తెల్లగా ఉందని తెలిసి సంతోషించామంటే ఆ కథ మన దగ్గర ఏ పని చేసినట్టు? ఎండలో చేపలు ఆరబెట్టే, రొయ్యల చెరువుల గట్ల మీద పనిచేసే ఆడవాళ్లు ఈ సీరియల్ చూశారు. వారి రంగున్న మనిషిని ఆ పాత్రకు తీసుకోకుండా మరొకరికి ఆ రంగు పూశారు. ‘ఇది పక్షపాతం’ అని ఒక ముక్కలో తేల్చడం సులువు. అయితే ఆ పాత్రను అభిమానించిన స్త్రీలు దీపలో తమ ఓర్పును, తమ చాకిరీని చూసుకున్నారు, ఆ ప్రేమ కల్ల కాదు. ఈ రెండు విషయాలూ ఒకే వ్యాసంలో రాయగలిగితే మంచి విమర్శ అవుతుంది. ఒకటి వదిలేస్తే తిట్టో పొగడ్తో మిగులుతుంది.

పాత్రనూ నటినీ ఒకటిగా చూడటం కొత్త కాదు. రాజనాలను తెర మీద చూసి పళ్లు కొరికిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. నెల్లూరులో పుట్టిన వాణిశ్రీ గురించి అడిగితే పెద్దవాళ్లు ముందు ఆమె కొప్పు గురించి, చీరకట్టు గురించి చెబుతారు. ‘జీవన జ్యోతి’ (1975)లో తల్లిగా, కూతురిగా ఆమె వేసిన రెండు వేషాలు గుర్తు చేస్తే “అవునవును” అంటారు. కొప్పు గుర్తుండటం చిన్నతనం కాదు. ఒక తరం స్త్రీలు తమ తల దువ్వుకునే తీరునే మార్చుకున్నారంటే ఆ ప్రభావం మీద ఒక వ్యాసం రాయవచ్చు. కాకపోతే అది నటన మీద వ్యాసం కాదు.

అభిమానం, వసూళ్లు

అభిమానులను తక్కువ చేసి మాట్లాడకండి. ఒక సినిమాను పదిసార్లు చూసినవారికి ఏ షాట్ తర్వాత ఏది వస్తుందో తెలుసు, అది విమర్శకుడికి దొరకని సంపద. చిక్కు ఎక్కడంటే, ఆ పదిసార్లూ వారు నటుణ్ణి మాత్రమే చూస్తారు. ప్రశ్న అడగగానే సినిమాను వదిలి వసూళ్లలోకి వెళ్లిపోతారు. “మొదటి రోజు ఎంత వచ్చిందో తెలుసా?” అంటారు. 1980లో ‘శంకరాభరణం’ విడుదలైన మొదటి రోజుల్లో హాళ్లు పలచగా ఉండి, చూసినవారి నోటి మాటతోనే నిండాయని ఆనాటివారు చెబుతారు. మొదటి రోజు లెక్కే తీర్పయితే ఆ సినిమా ఆ రోజే పోయేది. దాన్ని నిలబెట్టినది వట్టి ప్రేక్షకుల అభిప్రాయం, పేరున్న హీరో కూడా లేని సినిమాకు.

అదే సినిమా మన ఊరి అభిమానానికి కూడా ఒక పరీక్ష. “శంకరశాస్త్రి పాట వింటే ఒళ్లు పులకరిస్తుంది, జె.వి. సోమయాజులు ఎంత బాగా చేశాడు!” అన్నప్పుడు, పులకరింతలో ముఖం వంతు ఎంత, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతు వంతు ఎంత? నెల్లూరువారు వెంటనే గొంతుకే ఎక్కువ మార్కులు వేస్తారు, ‘మన బాలు’ కదా. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని గాయకుడు ఆ పాటలు పాడి జాతీయ పురస్కారం అందుకున్నారన్నది నిజం. అయినా పాట లేని సన్నివేశాల్లో ఆ పాత్ర హుందాతనం నిలబడిందా లేదా అని చూడండి. నిలబడితే ముఖానికి మీరు బాకీ పడ్డారు.

అభ్యాసం

ఈ వారం మీరు ఏదైనా సినిమా, సీరియల్ లేదా నటుడి గురించి నోటితో అన్న ఒక మాటను ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకోండి. సంస్కరించవద్దు. దాని కింద ‘ఎందుకంటే’ అని రాసి, ఆ కారణాన్ని కనీసం రెండు వేర్వేరు సన్నివేశాల దగ్గర పరీక్షించండి. కారణం నిలబడకపోతే మాటను మార్చండి. మార్చినట్టు ఒప్పుకుంటూ 300 మాటల్లో వ్యాసం రాసి తర్వాతి సంపర్క తరగతికి తీసుకురండి. వసూళ్ల అంకెలు వద్దు, ఇతరుల సమీక్షల్లోని వాక్యాలు వద్దు. మీతో కలిసి చూసినవారెవరైనా మీ అభిప్రాయాన్ని కాదంటే, వారన్న మాటను వారి యాసలోనే రాసి, దానికి మీ జవాబు కూడా రాయండి.